ఒక్క అంగుళం పాదరసం

1899 మార్చి 4 రాత్రి. ఆస్ట్రేలియా ఈశాన్య కొసన, క్వీన్స్‌లాండ్‌లోని బాతర్స్ట్ బే దగ్గర ముత్యపు చిప్పలు ఏరే పడవలు లంగరు వేసుకుని ఉన్నాయి. తుపాను వెలిసేసరికి మూడొందల మందికి పైగా పోయారు. ఆ తుపానుకు ‘మహీనా’ అని పేరు పెట్టినవాడు క్వీన్స్‌లాండ్ ప్రభుత్వ వాతావరణ శాస్త్రవేత్త క్లెమెంట్ ర్యాగ్. తనకు గిట్టని రాజకీయ నాయకుల పేర్లు కూడా తుపానులకు తగిలించిన ఘనుడాయన!

తుపాను కంటిలో చిక్కుకుని కూడా ‘క్రెస్ట్ ఆఫ్ ది వేవ్’ అనే ఓడ బయటపడింది. అందులోని బారోమీటర్ 27 అంగుళాలకు, అంటే 914 హెక్టోపాస్కల్స్‌కు దిగిందని రికార్డుల్లోకెక్కింది. ఆ ఓడ కెప్టెన్ పోర్టర్ తన తల్లిదండ్రులకు రాసిన ఉత్తరంలో మాత్రం 26 అని ఉంది. అంటే 880.

ఆ అంగుళం విలువ తెలియాలంటే పీడనం కొలిచే మానోమీటర్ సంగతి చూడాలి. అన్నిటికన్నా సాదాసీదాది ద్రవం పోసిన ‘యు’ ఆకారపు గాజుగొట్టం. ఒక కొస కొలవాల్సిన గ్యాసుకు కలిపి, రెండోది బయటి గాలికి వదిలేస్తే, రెండువైపులా ద్రవమట్టాల తేడాయే పీడనం లెక్క చెబుతుంది. తేడా మరీ స్వల్పమైతే గొట్టాన్ని ఏటవాలుగా పెడతారు. కొద్దిపాటి ఒత్తిడికే ద్రవం ఎక్కువ దూరం జరుగుతుంది. గాలి ఒత్తిడినే కొలవాలంటే ఒక కొస మూసేసి, పాదరసం పైన శూన్యం ఉంచాలి. అదే బారోమీటర్. సముద్రమట్టం దగ్గర మామూలు రోజున దాదాపు 30 అంగుళాలు చూపిస్తుంది. పాదరసం బదులు నీళ్లు పోస్తే పది మీటర్లకు పైబడిన గొట్టం కావాలి. ఓడ ఊగితే పాదరసమూ ఎగిరిపడుతుంది కాబట్టి, ఓడల బారోమీటర్లకు గొట్టాన్ని ఒకచోట సన్నగా చేసేవారు.

సముద్రం కూడా ఒకరకంగా మానోమీటరే. తుపాను నడుమ ఒత్తిడి హెక్టోపాస్కల్ తగ్గితే నీటిమట్టం ఇంచుమించు సెంటీమీటరు లేస్తుంది. ఈ లెక్కన 880కి లేచేది మీటరున్నర లోపే. కానీ బారో పాయింట్ దగ్గర 12 మీటర్ల ఎత్తు దిబ్బ మీద గుడారం వేసుకున్న కానిస్టేబుల్ కెన్నీకి నడుములోతు నీరొచ్చింది. దివిసీమ ఉప్పెన ఎరిగిన మనకు దీని జవాబూ తెలుసు: నీటిని తోసుకొచ్చేది గాలి. నడుమ ఒత్తిడి ఎంత పడిపోతే గాలికి అంత బలం.

అందుకే 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు అంతటి ఉప్పెన రావాలంటే ఒత్తిడి ఎంత పడిపోవాలో కంప్యూటర్ నమూనాలతో సరిచూసి 880 వైపే మొగ్గారు. నాకూ ఉత్తరమే నమ్మదగ్గదిగా తోస్తోంది. అదే నిజమైతే, 884తో దక్షిణార్ధగోళపు రికార్డు మోస్తున్న 2016 నాటి విన్‌స్టన్ తుపానుది రెండో స్థానమే.