చిన్నాయన తొలిచిన బేస్ గిటారు

ఆషాఢంలో బోనాల ఆదివారం నాడు లాల్‌దర్వాజాలో పక్కన నిలబడ్డ మనిషి మాట వినపడదు. సింహవాహిని మహంకాళి అమ్మవారి గుడికి వెళ్ళే దారి పొడుగునా డప్పులు, బ్యాండు మేళాలు, పోతరాజుల కొరడా చప్పుళ్ళు, పందిరికొక లౌడ్‌స్పీకరు. ఆ హోరులో మా చిన్నాయన బేస్ గిటారు వాయించేవాడు. పగలంతా ఒక దుకాణంలో లెక్కలు రాసి, సాయంత్రాలు పెళ్ళిళ్ళకూ జాతరలకూ వెళ్ళే ఆర్కెస్ట్రాలో ఒక మూల నిలబడేవాడు. పాడేవాళ్ళ పేర్లు జనానికి తెలిసేవి. ఆయన పేరు ఎవరూ అడగలేదు.

1993 వేసవిలో, నేను ఇంటర్ చదువుతున్నప్పుడు, ఆయన ఆ గిటారును వసారాలో చాపమీద పడుకోబెట్టి, వడ్రంగి ఉలితో దాని పొట్ట తొలుస్తుండగా చూశాను. నిగనిగలాడే ఆ ఎర్రటి చెక్క అంటే నాకు మహా ఇష్టం.

"ఎందుకట్ల పాడు చేస్తున్నవు చిన్నాయనా?" అని అరిచాను.

"గా డప్పుల నడుమ నా తీగ నాకే ఇనపడ్తలేదురా," అన్నాడు తల ఎత్తకుండానే.

పాడైపోయిన మరో బేస్ గిటారు నుంచి ఊడదీసిన పికప్పును ఆ రంధ్రంలో అమర్చాడు. కోఠీలోని గుజరాతీ గల్లీ నుంచి తెచ్చిన విడిభాగాలతో చిన్న ప్రీయాంప్లిఫయరు ఒకటి తయారుచేసి వెనకవైపు బిగించాడు. మంచి వాద్యాన్ని చెడగొట్టాడన్న కోపం నాకు చాలా ఏళ్ళు పోలేదు. అది తప్పని తెలియటానికి ఆ వాద్యం చరిత్ర చదవవలసి వచ్చింది.

విద్యుత్ బేస్ గిటారు మరీ పాతది కాదు. 1930లలో అమెరికాలోని సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ ఆడియోవాక్స్ పేరుతో ఒకటి తయారుచేశాడు గాని అది వ్యాపించలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను తెచ్చినప్పటి నుంచే అసలు కథ మొదలు. అంతవరకు మంద్రస్వరాలకు మనిషెత్తు డబుల్ బేస్ వాద్యమే దిక్కు. దాన్ని మోయటం కష్టం, బ్యాండు హోరులో వినిపించటం ఇంకా కష్టం. ఫెండర్ వాద్యానికి వీణకున్నట్టు మెట్లున్నాయి గనుక స్వరం కచ్చితంగా పలుకుతుంది. ఆ పేరు అందుకే వచ్చింది. చిన్నాయన చెప్పుకున్న బాధ లాంటిదే ఈ వాద్యం పుట్టుకకూ ఒక కారణమని అప్పుడు నాకు తెలియదు.

పికప్పు అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకలాంటి రాగితీగను వేలకొద్దీ చుట్లు చుట్టిన చిన్న దిమ్మ. దానిపైన ఉక్కుతీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం చలించి, రాగిచుట్టలో స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. ఆ దిమ్మ ఎక్కడ ఉన్నదన్నది ముఖ్యం. మెడకు దగ్గరగా తీగ విశాలంగా ఊగుతుంది గనుక నాదం లావుగా, గుండ్రంగా వస్తుంది. బ్రిడ్జికి దగ్గరగా పదునుగా, స్ఫుటంగా పలుకుతుంది. మొదటి ప్రెసిషన్ బేస్‌కు ఒకే పికప్పు ఉండేది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కు రెండు పెట్టారు. రెండు రుచులూ కావాలనుకున్నవారు తమ ప్రెసిషన్ బేస్‌లను తొలిచి, బ్రిడ్జి దగ్గర జాజ్ పికప్పు అమర్చుకోసాగారు. బిల్లీ షీహన్ అనే వాద్యకారుడు మెడ దగ్గర గిబ్సన్ వారి పికప్పును చేర్చి, రెండింటి నాదాన్నీ వేర్వేరు కేబుళ్ళ ద్వారా వేర్వేరు యాంప్లిఫయర్లకు పంపాడు. తర్వాత యమహా సంస్థ ఆయన కోసం చేసిన బేస్‌లో ఆ అమరికనే అనుసరించింది. ఒకరు సొంత అవసరానికి చేసుకున్న రంధ్రం కర్మాగారానికి నమూనా అయిందన్నమాట.

రెండవ పికప్పు వల్ల మరో లాభమూ ఉంది. బేస్ గిటారు అట్టడుగు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అదే తీగను మూడవ మెట్టు దగ్గర నొక్కితే 49 సార్లు. మన ఇళ్ళలోని కరెంటు 50 హెర్ట్జ్. అంటే కరెంటు మోత సరిగ్గా ఈ వాద్యం పలికే చోటనే వచ్చి కూర్చుంటుంది! సీరియల్ లైట్లు వెలిగే పందిట్లో ఒంటిచుట్ట పికప్పు నాదంతోపాటు ఆ మోతనూ మోసుకొస్తుంది. రెండు చుట్టలనూ, వాటి అయస్కాంతాలనూ ఒకదానికొకటి వ్యతిరేకంగా అమర్చితే మోత రద్దయి నాదం నిలుస్తుంది. 1957లో ఫెండర్ తన ప్రెసిషన్ పికప్పును రెండు ముక్కలుగా చేసినది ఈ సూత్రంతోనే.

ఇక ప్రీయాంప్లిఫయరు. పికప్పులో పుట్టే సంకేతం బలహీనమైనది. పొడవాటి కేబులు దాటేసరికి దాని మెరుపు కొంత ఇంకిపోతుంది. మామూలు టోన్ మర ఉన్నదాన్ని తగ్గించగలదే గాని పెంచలేదు. గిటారులోనే 9 వోల్టుల బ్యాటరీతో ఒక సర్క్యూటు పెడితే ఆ నష్టం తగ్గుతుంది, మంద్రాన్నీ తారాన్నీ విడివిడిగా పెంచుకోవచ్చు. 1969లో కాలిఫోర్నియాలో మొదలైన అలెంబిక్ బృందం ఫిల్ లెష్, జాక్ కాసిడీ వంటి పేరున్న వాద్యకారుల బేస్‌లను విప్పి ఇటువంటి సర్క్యూట్లు అమర్చింది. 1976లో మ్యూజిక్ మ్యాన్ వారి స్టింగ్‌రే ఆ సౌకర్యంతోనే దుకాణాలకు వచ్చింది.

ఇదంతా పరాయి దేశపు కథ అనుకోనక్కరలేదు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారిని తలచుకోండి. మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు. మీటిన స్వరం తొందరగా ఆరిపోతుంది. ఆరిపోయే స్వరం మీద గమకం నిలవదు, గమకం లేనిదే కర్ణాటక సంగీతం లేదు. ఆయన విద్యుత్ మాండొలిన్ చేపట్టి, జతలు వదిలి ఒంటితీగలు పెట్టి, వాటిని ఐదు చేసుకున్నారు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు రుద్రరాజు సుబ్బరాజు గారు పాడి చూపితే, ఆ పాటను ఆ తీగల మీద పలికించారు. 1978లో గుడివాడలో తొలి కచేరీ, 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ. కరెంటు వాద్యమేమిటని మొదట్లో ముఖం చిట్లించిన పెద్దలున్నారు. 2014లో ఆయన కన్నుమూసేనాటికి ఆ ప్రశ్న అడిగేవారు దాదాపు లేరు.

మార్పుకు మూల్యం లేదని నేననను. చాలా గిటార్లలో కేబులు గుచ్చటమే బ్యాటరీకి స్విచ్చు. ఒక ఏడాది బోనాల ముందురోజు చిన్నాయన కేబులు తీయటం మరచిపోయాడు. మర్నాడు పాట మధ్యలో బ్యాటరీ అయిపోయి బేస్ మూగబోయింది. అందరి ముందూ ఆర్కెస్ట్రా పెద్ద ఆయన్ని తిట్టాడు. "నే చెప్పలే?" అని నేను కూడా అన్నాను. ఆ వారమే ఆయన, బ్యాటరీ లేకపోయినా వాద్యం పలికేలా ఒక చిన్న స్విచ్చు అదనంగా పెట్టుకున్నాడు. నా మాటకు మాత్రం జవాబివ్వలేదు.

చిన్నాయన పోయాక చిన్నమ్మ ఆ గిటారు నా చేతిలో పెట్టింది. ఒక మరమ్మతు దుకాణానికి తీసుకువెళితే, రంధ్రం పూడ్చి రంగువేస్తే ఎక్కువ ధర పలుకుతుందన్నారు. ఒప్పుకునేవాడినే. అంతలో వారు మూత విప్పారు. లోపల రెండవ పికప్పు అయస్కాంతాన్ని తిరగేసి, తీగలు మార్చి టంకం వేసి ఉంది. ఫెండర్ కంపెనీ 1957లో చేసిన పనిని మా వసారాలో చాపమీద కూర్చుని ఆయనా చేశాడు. అది ఆయనకు ఎవరు చెప్పారో, ఎక్కడ చదివాడో నేను ఎన్నడూ అడగలేదు.

గిటారు ఇంటికి తెచ్చి కొత్త బ్యాటరీ వేశాను. రెండు పికప్పులూ పూర్తిగా తెరిచి, కింది తీగ మూడవ మెట్టు మీటాను. మోత లేదు.

మిత్రులారా, మీ ఇళ్ళలోనూ ఎవరో తొలిచిన వాద్యమో, పెట్టెనో, తలుపో ఉండే ఉంటుంది. దాన్ని పూడ్చే ముందు ఎందుకు తొలిచారో అడగండి. చెప్పే మనిషి ఉండగానే అడగండి.