బేగంపేట నుంచి బొంబాయికి

బల్ల మీద పటం పరచి, హైదరాబాదులోని బేగంపేట నుంచి బొంబాయికి ఒక సరళరేఖ గీసి చూడండి. ఆ రేఖ పటాన్‌చెరుకు, సంగారెడ్డికి కొద్దిగా దక్షిణంగా సాగిపోతుంది. దాని నిడివి సుమారు 620 కిలోమీటర్లు. రైలుమార్గం వాడి జంక్షను మీదుగా వంపు తిరిగి పోవడం వల్ల సుమారు 790 అవుతుంది. పక్షులకు ఎప్పటినుంచో తెలిసిన ఈ దగ్గరి దారి మనిషికి దక్కి ఇంకా నూరు సంవత్సరాలు కాలేదు.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీలో తపాలా సంచులు వేసుకొని, ఒకే ఇంజను గల పస్‌మాత్ విమానాన్ని స్వయంగా నడుపుకొంటూ, అహమ్మదాబాదు మీదుగా వచ్చి బొంబాయిలోని జుహూ మైదానంలో దిగినారు. అహమ్మదాబాదులో ఆ విమానానికి కావలసిన పెట్రోలు డబ్బాలు ఎద్దుబండి మీద వచ్చినవట! బొంబాయి నుంచి ఆ సంచులను నెవిల్ వింట్సెంట్ అనే వైమానికుడు బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చినారు. తెలుగువారు ఎందరో నివసించే బళ్ళారికి ఆనాడు ఆకాశమార్గాన ఉత్తరం వచ్చినది, హైదరాబాదుకు రాలేదు.

ఆ ముచ్చట మన నగరానికి తరువాత తీరినది. 1930 దశకంలోనే బేగంపేటలో విమానాశ్రయం ఏర్పడినది. 1945లో నిజాం ప్రభుత్వమూ టాటా సంస్థా కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను నెలకొల్పినవి. ఆ సంస్థ నడిపిన డకోటా విమానం గంటకు సుమారు 270 కిలోమీటర్లు పోగలదు. మనం గీసిన రేఖను ఆ వేగంతో భాగిస్తే దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాలు వస్తుంది. 1953లో ఎనిమిది విమాన కంపెనీలు జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌గా రూపొందినప్పుడు దక్కన్ ఎయిర్‌వేస్ పేరు అందులో కలిసిపోయినది.

జెట్ విమానం తగిన ఎత్తుకు చేరిన పిమ్మట గంటకు 800 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. ఆ లెక్కన బొంబాయికి ముప్పావు గంట చాలాలి. కాని కాలపట్టికలో సుమారు గంటన్నర ఉంటుంది. నేల మీద దొర్లడానికి, పైకి ఎక్కడానికి, క్రమంగా దిగడానికి, రద్దీగా ఉండే బొంబాయి ఆకాశంలో తన వంతు కోసం చక్కర్లు కొట్టడానికి పట్టే సమయాన్ని ఎంతటి ఇంజనూ తగ్గించలేదు.

పటాన్‌చెరు, సంగారెడ్డి వాసులకు మరొక లెక్క కూడా ఉన్నది. 1960 దశకంలో రామచంద్రాపురంలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ, ఆ పిమ్మట మందుల పరిశ్రమలు వెలసినవి. శాస్త్రజ్ఞులకు, ఇంజనీర్లకు విమానయానం నిత్యావసరమైనది. బేగంపేట వారికి దగ్గర. బొంబాయి రహదారి మీదనే తూర్పుగా పాతిక ముప్పై కిలోమీటర్లు వస్తే చాలు. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయినవి. అప్పటి నుంచి, పడమట ఉన్న బొంబాయికి పోదలచిన పటాన్‌చెరు ప్రయాణికుడు ముందుగా ఆగ్నేయ దిశగా నలభై కిలోమీటర్లకు పైగా పోవలసి వచ్చినది. ఔటర్ రింగు రోడ్డు వచ్చిన తరువాత ముత్తంగి వద్ద ఎక్కి, నగరపు రద్దీని తప్పించుకొనే వీలు మాత్రం కలిగినది.

ఇల్లు వదలినది మొదలు లెక్కిస్తే ఆకాశంలో గడిపే సమయం కంటె నేల మీద గడిపేదే ఎక్కువ. లింగంపల్లి స్టేషనులో రైలెక్కి, రాత్రి నిద్రపోయి, తెల్లవారి బొంబాయిలో దిగేవారు ఇప్పటికీ ఉన్నారు. వారి లెక్క వారికి ఉన్నది.