ఎడ్వర్డు టెయిలరు: మరుగుపడిన కవి

సాహిత్యచరిత్రలో స్థానము లభించుటకు కవికి ప్రతిభ యొక్కటియే చాలదు. ఆతని వ్రాతప్రతి నిలువవలెను. నిలిచిన ప్రతిని గుర్తించి చదువువాడును గావలెను. అమెరికా వలసకాలమునకు చెందిన ఆంగ్లకవి ఎడ్వర్డు టెయిలరు చరిత్ర యిందుకు నిదర్శనము. 1729లో మరణించిన యీతడు 1937 వరకు సాహిత్యలోకమునకు దాదాపు అపరిచితుడు. తన కవితలను ప్రకటింపవలదని ఆతడు వారసులను ఆదేశించెనని యొక ప్రతీతి కలదు. అది యెంతవరకు గ్రాహ్యమో యిందు విచారింతుము.

టెయిలరు 1642 ప్రాంతమున ఇంగ్లండులోని లెస్టరుషైరు మండలమున జన్మించెను. ప్యూరిటను మతస్థుడగుటచే స్వదేశమున నిలువలేక 1668లో మాసచూసెట్సునకు వలసపోయెను. 1671లో హార్వర్డు కళాశాలనుండి పట్టము పొంది, ఆ సంవత్సరమే పడమటి పొలిమేరనున్న వెస్టుఫీల్డునకు మతబోధకుడుగా వెడలెను. శేషజీవితమంతయు నచ్చటనే బోధకుడుగను వైద్యుడుగను గడపెను.

ఆతని రచనలలో ముఖ్యమైనవి 1682 మొదలు 1725 వరకు వ్రాసిన ధ్యానకవితలు. ఇవి రెండువందలకు మించియున్నవి. ప్రభుభోజన సంస్కారము జరుపుటకు ముందు తన మనస్సును సిద్ధపరచుకొనుటకై వీనిని రచించెను. హెర్బర్టు మున్నగు కవులవలె నిత్యజీవితములోని వస్తువులను ఆధ్యాత్మికార్థమునకు వినియోగించుట ఆతని రీతి. గృహకృత్యమును గూర్చిన యొక చిన్న కవితలో తన్ను రాట్నముగను, పిదప మగ్గముగను చేయుమని దేవుని ప్రార్థించును. ఆ మగ్గముపై నేసి రంగులద్దిన వస్త్రము తన బుద్ధిని, వాక్కును, కర్మమును కప్పవలెనని ఆతని కోరిక.

ఇక ప్రతీతి విషయము. 1674లో టెయిలరు ఎలిజబెతు ఫిచ్చిని వివాహమాడెను. వారి యెనమండుగురు సంతానములో నైదుగురు శైశవముననే మరణించిరి. ఈ శోకమునుండి పుట్టిన కవితలోని రెండు ఖండములు 1689లో కాటను మేథరు గ్రంథమున అచ్చుపడినవి. ఆ సంవత్సరమే ఎలిజబెతు మరణించెను. ఆ ముద్రణము కవి పూనికచే జరిగినది కాదని యాక్షేపింపవచ్చును. ఐనను ఆతడు తన కవితలను శ్రద్ధతో సంపుటముగా వ్రాసి యుంచుకొనెను. నశింపవలెనని తలచినవాడు అట్లు చేయడు. ధ్యానకవితలు దేవునికి నివేదనలే కాని పాఠకులనుద్దేశించినవి కావు. కావున ముద్రింపకుండుటకు ఆదేశమును కల్పించుకొన బనిలేదని మా యభిప్రాయము.

టెయిలరు గ్రంథములు దౌహిత్రుడైన ఎజ్రా స్టైల్సునకు సంక్రమించినవి. ఈతడు పిమ్మట యేలు కళాశాలకు అధ్యక్షుడయ్యెను. కవితల వ్రాతప్రతి 1883లో ఆ కళాశాల గ్రంథాలయమునకు చేరెను. అచ్చటను అర్ధశతాబ్దికి పైగా ఎవరి దృష్టికిని రాలేదు. 1937లో థామసు జాన్సను దానిని గుర్తించి కొన్ని కవితలను ప్రకటించెను; 1939లో ఒక సంపుటమును వెలువరించెను. ధ్యానకవితలన్నియు 1960లో డొనాల్డు స్టాన్‌ఫర్డు సంపాదకత్వమున వెలసినవి. నేడు టెయిలరు వలసకాలపు అమెరికా కవులలో అగ్రగణ్యుడుగా పరిగణింపబడుచున్నాడు.

చివరి యేబదినాలుగేండ్ల మరుగునకు కవి యాదేశము కారణము కాజాలదు. ప్రతి గ్రంథాలయముననే యున్నది, చదివినవారు లేరు. గ్రంథాలయములలోని వ్రాతప్రతులను పట్టికలలో చూచి విడిచిపెట్టక, తెరచి చదువవలసిన యావశ్యకతను పరిశోధక విద్యార్థులు ఈ చరిత్రనుండి గ్రహింతురుగాక.