ఎడారి వాన కురిసిన రోజు

1997 జనవరి 1. ఢిల్లీ. ఎముకలు కొరికే చలికాలం. సహ్మత్ సభ జరుగుతోంది. వేదిక మీదికి నలుగురు వచ్చారు. సుస్మిత్ సేన్ చేతిలో గిటార్, రాహుల్ రామ్ చేతిలో బాస్ గిటార్. డ్రమ్స్ దగ్గర అమిత్ కిలమ్. తబలా ముందు అషీమ్ చక్రవర్తి. వాయించేదీ ఆయనే, పాడేదీ ఆయనే.

ఆ తేదీకి ఓ నెత్తుటి చరిత్ర ఉంది. 1989లో సరిగ్గా అదే రోజున, ఢిల్లీ పొలిమేరలోని సాహిబాబాద్ దగ్గర ఝండాపూర్‌లో, సఫ్దర్ హష్మీ బృందం 'హల్లా బోల్' వీధినాటకం ఆడుతుంటే గూండాలు విరుచుకుపడ్డారు. మర్నాడు సఫ్దర్ కన్నుమూశాడు. నిండా 35 ఏళ్లు లేవు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ బృందాన్ని వెంటబెట్టుకుని అక్కడికే వెళ్లింది. సగంలో ఆగిన నాటకాన్ని జనం ముందు పూర్తి చేసింది. సఫ్దర్ పేరు నిలబెట్టడానికి పుట్టిన సంస్థే సహ్మత్. అలాంటి సభలో ఆ రోజు పాడిన బృందం పేరు 'ఇండియన్ ఓషన్'.

అప్పటికి వాళ్ల పరిస్థితి ఏమిటి? సుస్మిత్, అషీమ్ 1984 నుంచి కలిసి వాయిస్తున్నారు. 1990లో బ్యాండ్ కట్టారు. పేరు పెట్టింది సుస్మిత్ తండ్రి. తొలి డెమో టేపు చేయడానికి డబ్బుల్లేక సుస్మిత్ తన ఎలక్ట్రిక్ గిటార్ అమ్మేశాడు. ఆ టేపు విని హెచ్.ఎం.వి. అవకాశమిచ్చింది. 1993లో తొలి ఆల్బమ్ వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లు మరో ఆల్బమ్ లేదు. సినిమా పాటలకూ, పాప్ వీడియోలకూ గిరాకీ ఉన్న కాలమది. మాటలు తక్కువ, వాయిద్యం ఎక్కువ అయిన సంగీతానికి బజారెక్కడిది?

ఆ జనవరి 1 కచేరీ రికార్డయింది. అదే 'డెజర్ట్ రెయిన్' ఆల్బమ్‌గా బయటికొచ్చింది. తప్పు పోతే మళ్లీ వాయించి అతికించుకునే స్టూడియో సౌకర్యం అక్కడ లేదు. వేళ్ల నుంచి వచ్చిందే పాట, గొంతు నుంచి వచ్చిందే ఖాయం. నాకు ఈ ఆల్బమ్ అంటే ప్రాణం కావడానికి మొదటి కారణం అదే.

రెండో కారణం తబలా. డ్రమ్స్ మోగితే తబలా వినపడదని వాద్యం తెలిసిన ఎవరైనా చెబుతారు. కర్ర దెబ్బ ముందు వేలి దెబ్బ ఎంత? ఇక్కడ మాత్రం అమిత్ కర్రలు అషీమ్ వేళ్లకు చోటిచ్చి తప్పుకుంటాయి. ఎడమచేతి డగ్గా గుమ్మని మూలుగుతుంటే డ్రమ్స్ ఓపిక పడతాయి. తర్వాత రెండూ కలిసి లేస్తాయి. రాహుల్ బాస్ అడుగున తాళం పట్టి ఊరుకోకుండా తనూ ఓ రాగం తీస్తుంది. సుస్మిత్ గిటార్ పాశ్చాత్య వాద్యమన్న సంగతే మరిచిపోతాం. స్వరం నుంచి స్వరానికి అది జారే తీరు మన చెవికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. 'ఫ్రమ్ ద రూయిన్స్' వినండి. 'మెలాంకలిక్ ఎక్స్‌టసీ' వినండి. నాలుగు వాద్యాలూ ఎవరి యాస వాళ్లు వదులుకోకుండానే ఒకే ముచ్చట చెబుతాయి.

ఈ మాట నేను రాయచూరు జిల్లాలో కూర్చుని రాస్తున్నాను. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లను నమ్ముకుని కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చి సింధనూరు, మాన్వి వైపు క్యాంపులు వేసుకున్న తెలుగువాళ్ల నేల ఇది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. ముద్గల్ కోట ఊళ్లో పీర్ల పండుగకు హిందువులూ ముస్లింలూ కలిసి అలాయి ఆడతారు. కర్బలా కథను కన్నడ రివాయత్ పదాలుగా పాడతారు. ఈ జిల్లా బిడ్డ పండిత్ సిద్ధరామ జంబలదిన్ని బసవన్న కాలపు వచనాలను హిందుస్తానీ రాగాల్లో పాడి జనం నాలుక మీద నిలిపాడు. కలిపి పాడటం ఇక్కడ ఎవరూ కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. అందుకే ఢిల్లీ కుర్రాళ్ల రాక్ సంగీతం మా క్యాంపుల్లో పరాయి పాటగా వినిపించదు.

'డెజర్ట్ రెయిన్' వేసిన దారిలోనే 2000లో 'కందీసా' వచ్చింది. బ్యాండుకు దేశమంతటా పేరు తెచ్చింది. అందులో కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన ఉంది. భోజ్‌పురి విప్లవకవి గోరఖ్ పాండే గీతం ఉంది. నర్మదా లోయ జనం నదీమతల్లికి పాడుకునే పాట 'మా రేవా' ఉంది. రాహుల్ రామ్ ఆ లోయవాసులతో కలిసి నర్మదా బచావో ఆందోళనలో పనిచేసినవాడు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి వచ్చి, ఊళ్లు మునిగిపోతున్న జనం పక్కన నిలబడ్డాడు. అందుకే ఆ పాటలో అరువు తెచ్చుకున్న బాధ లేదు.

2009 డిసెంబర్ 25న అషీమ్ గుండె ఆగిపోయింది. 2013లో సుస్మిత్ బ్యాండు విడిచి వెళ్లాడు. కొత్తవాళ్లు చేరారు, ప్రయాణం ఆగలేదు. కానీ ఆ నలుగురూ కలిసి కూర్చున్న వేదిక మళ్లీ రాదు. అది మనకు మిగిలింది ఈ రికార్డుల్లోనే.

చాలామంది 'కందీసా'తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నా తీర్పు ఒక్కటే: ముందు 'డెజర్ట్ రెయిన్' వినాలి. మొదటి నుంచి చివరి దాకా, ఫోన్ పక్కన పెట్టి, ఓపిగ్గా వినాలి. రాయచూరులో జంబలదిన్ని పేరు మీదే రంగమందిరం ఉంది. మన కళాసంఘాలు పూనుకుని ఇలాంటి బృందాలను ఆ వేదిక మీదికి పిలిపించాలి. వినే చెవులు మా క్యాంపుల్లో కావలసినన్ని ఉన్నాయి.