తరగతి గదిలో డిజిటల్ పాఠ్యాలు: మేలు, లోటు

కంప్యూటర్, ట్యాబ్, ఫోన్, స్మార్ట్ బోర్డు వంటి తెరల మీద చదవడానికి, వినడానికి, అభ్యాసం చేయడానికి తయారైన పాఠాలను డిజిటల్ పాఠ్యాలు అంటారు. అచ్చు పుస్తకానికి తీసిన పీడీఎఫ్ మొదలుకొని, పిల్లవాడి జవాబును బట్టి తర్వాతి లెక్కను మార్చి ఇచ్చే సాఫ్ట్‌వేర్ దాకా అన్నీ ఈ పేరు కిందికే వస్తాయి. వీటి గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని ట్యాబ్‌లు పంచారు, ఎన్ని బోర్డులు బిగించారు అన్న లెక్కే ముందు వినిపిస్తుంది. జరిగిన పరిశోధనలు చూస్తే మాత్రం ఫలితాన్ని తేల్చేవి వేరే సంగతులు: పాఠం పిల్లల స్థాయికి తగిందా, పక్కన టీచర్ ఉన్నారా, ఆ తెర మామూలు బోధనకు తోడుగా వచ్చిందా లేక దాని సమయాన్ని తినేసిందా.

తెలుగు బడులకు తెర వచ్చిన క్రమం

తెలుగు పల్లెల బడులకు తెర కొత్తది కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు ఇస్రో, అమెరికా నాసా కలిసి ‘సైట్’ ప్రయోగం నడిపాయి. ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు నేరుగా టీవీ కార్యక్రమాలు అందాయి. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్ కేంద్రంలో తయారయ్యేవి. ఉదయం ప్రసారం బడి పిల్లల కోసం, సాయంత్రం ప్రసారం ఊరందరి కోసం. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహాన్ని వాడుకునే గడువు తీరింది, పాఠాలూ ఆగిపోయాయి. బయటి నుంచి వచ్చిన సాంకేతికత మీద బడి ఆధారపడితే ఏమవుతుందో అప్పుడే ఒకసారి తెలిసింది.

2004 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎడ్యుశాట్ విద్య కోసమే దేశం తయారు చేసుకున్న ఉపగ్రహం. 2017 సెప్టెంబరు 5న కేంద్రం డిజిటల్ పాఠాల కోసం ‘దీక్ష’ వేదికను ప్రారంభించింది. ఆ తర్వాత పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు కనిపించసాగాయి. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి చెందిన వీడియో, అభ్యాసం తెరుచుకుంటాయి. అచ్చు పుస్తకం చేతిలోనే ఉంటుంది, అవసరమైన చోట మాత్రమే తెర తోడవుతుంది. ఖర్చు తక్కువ, పుస్తకానికి వచ్చే నష్టం లేదు. ఇప్పటివరకు వచ్చిన ఏర్పాట్లలో అన్నిటికంటే వివేకమైంది ఇదే అనవచ్చు.

కరోనా కాలంలో బడులు మూతపడ్డాక తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు ప్రసారమయ్యాయి. నెట్ లేని ఇంటికి, ఒకే ఫోన్ ఉన్న ఇంటికి టీవీయే ఆధారమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. వాటిలో ఆన్‌లైన్ పాఠాలు అమ్మే బైజూస్ సంస్థ పాఠాలను ముందే ఎక్కించారు. బడుల బాగు కోసం చేపట్టిన ‘నాడు–నేడు’ పథకం కింద మెరుగుపడిన చోట్ల పెద్ద టచ్ బోర్డులు కూడా అమర్చారు.

దేశం మొత్తం మీద పరిస్థితి ఇంకా ఎగుడుదిగుడుగానే ఉంది. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం 2023–24లో పనిచేసే కంప్యూటర్లు ఉన్న బడులు 57.2 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 53.9 శాతం.

ఎక్కడ లాభం కనిపించింది

తరగతిలో నలభై మంది ఉంటే నలభై స్థాయిలు ఉంటాయి. టీచర్ మాత్రం సిలబస్ ప్రకారం ఒకే పాఠం చెప్పాలి. రెండో తరగతి తీసివేతల దగ్గర ఆగిపోయిన పిల్లవాడు ఏడో తరగతి బీజగణితం ముందు కూర్చుని ఏమీ అర్థంకాక మౌనంగా ఉండిపోతాడు. సాంకేతికత నిజంగా పనికొచ్చేది ఈ పిల్లవాడికే.

ఇందుకు గట్టి ఆధారం 2015లో ఢిల్లీలో జరిగిన అధ్యయనం. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ దీన్ని చేశారు. లాటరీ పద్ధతిలో ఎంపికైన పిల్లలు బడి అయ్యాక కేంద్రానికి వచ్చి, రోజూ 45 నిమిషాలు ‘మైండ్‌స్పార్క్’ సాఫ్ట్‌వేర్‌తో, ఇంకో 45 నిమిషాలు బోధకుల దగ్గర చిన్న బృందంలో కూర్చునేవారు. ముందుగా పెట్టిన పరీక్షలో ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నట్టు బయటపడింది. సాఫ్ట్‌వేర్ ఎవరి స్థాయి నుంచి వారికి మొదలుపెట్టింది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ చెప్పుకోదగ్గ మెరుగుదల వచ్చింది. బాగా వెనకబడినవాళ్లు కూడా ముందున్నవాళ్లతో సమానంగా లాభపడ్డారు. మామూలు బడిలో ఆ వెనకబడిన పిల్లల చదువు దాదాపు కదలడమే లేదు, కాబట్టి ఈ లాభం వాళ్లకు ఇంకా విలువైంది.

గుజరాత్‌లో లీ లిండెన్ చేసిన పరిశోధన ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పింది. ఒకే కంప్యూటర్ కార్యక్రమాన్ని బడి వేళల్లో టీచర్ పాఠానికి బదులుగా నడిపిన చోట పిల్లలు నష్టపోయారు. బడి అయ్యాక అదనంగా నడిపిన చోట లాభపడ్డారు. కాలపట్టికలో ఏ పీరియడ్ తీసేసి ల్యాబ్ పీరియడ్ పెడుతున్నామన్నది చిన్న విషయం కాదన్నమాట.

పరికరం ఒక్కటే చేతికిస్తే ఏమవుతుందో పెరూ చూపించింది. ‘బిడ్డకో ల్యాప్‌టాప్’ పథకం కింద అక్కడి పల్లె బడుల్లో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. 319 బడులను పరిశీలించిన బృందం 15 నెలల తర్వాత లెక్కల్లో, భాషలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని 2012లో ప్రకటించింది. టీచర్లకు శిక్షణ, పాఠంతో ముడి లేకుండా పంచిన పరికరాలకు జరిగేది ఇదే. అది పిల్లల తప్పు కాదు.

తెర మీది చదువు, కాగితం మీది చదువు

నార్వేలో అన్నె మాంగెన్ బృందం 72 మంది పదో తరగతి పిల్లలను రెండుగా విడదీసి, ఒకే పాఠాన్ని కొందరిచేత కాగితం మీద, కొందరిచేత కంప్యూటర్ తెర మీద చదివించింది. 2013లో వెలువడిన ఫలితాల్లో కాగితం మీద చదివినవారికే ఎక్కువ అర్థమైంది. 2018లో పాబ్లో డెల్గాడో, మరికొందరు 54 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 1,71,055 మంది ఫలితాలను కలిపి చూశారు. మొగ్గు అప్పుడూ కాగితం వైపే ఉంది. తేడా చాలా పెద్దదేమీ కాదు. సమాచారం చెప్పే పాఠాల్లో, గడువు పెట్టి చదివించిన చోట అది కనిపించింది. కథలు మాత్రమే చదివినప్పుడు దాదాపు కనిపించలేదు. ఫోన్లతో పెరిగిన తరానికి తెర అలవాటైపోతుందని చాలామంది అనుకున్నారు. 2000 నుంచి 2017 దాకా వచ్చిన అధ్యయనాల్లో మాత్రం ఆ తేడా తగ్గకపోగా కొంత పెరిగింది. తెర ముందు కూర్చున్న కన్ను పైపైన జారిపోవడానికి అలవాటు పడిందని పరిశోధకుల వివరణ.

దీన్ని బట్టి సామాన్యశాస్త్రం, సాంఘికం పుస్తకాలు పిల్లల చేతిలో అచ్చులోనే ఉండాలి. కథలు మాత్రం ఫోన్లో హాయిగా చదివించవచ్చు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన ‘స్టోరీవీవర్’ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. గ్రంథాలయం లేని ఊరి బడికి అది పెద్ద ఆస్తి. స్వీడన్ ప్రభుత్వం తెరల మీద అతిగా ఆధారపడ్డామని గుర్తించి, 2023లో అచ్చు పుస్తకాలు కొనడానికి 68.5 కోట్ల క్రోనార్లు కేటాయించింది. సంపన్న దేశం వెనక్కి తిరిగిన దారిలో మనం కొత్తగా పరుగెత్తాల్సిన అవసరం లేదు.

పనితో పాటు వినోదమూ అదే తెరలో ఉండటం ఇంకో చిక్కు. గ్రామీణ పిల్లల చదువు స్థితిని చూసే 2024 అసర్ సర్వేలో 14–16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో 82 శాతం మంది స్మార్ట్‌ఫోన్ వాడగలమన్నారు. సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం.

తెలుగు పాఠ్యం నిజంగా డిజిటల్ అయిందా?

ఇది ఎక్కువగా చర్చకు రాని సమస్య, తెలుగు పిల్లలకు అసలైన సమస్య. డిజిటల్ పాఠ్యం గొప్పతనమంతా వెతకగలగడం, అక్షరం పెద్దది చేసుకోగలగడం, గొంతుగా మార్చుకోగలగడంలో ఉంది. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా డీటీపీ కేంద్రాల్లో పాత పద్ధతి ఫాంట్లు చాలాకాలం రాజ్యమేలాయి. వాటిలో తెలుగు అక్షరం బొమ్మను ఇంగ్లిష్ అక్షరానికి కేటాయించిన చోట దాచి ఉంచుతారు. పేజీ మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది. కాపీ చేసి వేరే చోట పెడితే ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి వస్తుంది. అలా తయారైన పీడీఎఫ్‌లో ‘కిరణజన్య సంయోగక్రియ’ అని వెతికితే దొరకదు. చూపులేని విద్యార్థి స్క్రీన్ రీడర్ పెట్టుకుంటే దానికి అర్థంలేని శబ్దాలే వినిపిస్తాయి. స్కాన్ చేసిన పుస్తకమైతే అసలు అక్షరాలే ఉండవు, ఫొటో మాత్రమే.

చూపులేని పిల్లలకు సాంకేతికత మిగతా అందరికంటే ఎక్కువ చేయగలదు. బ్రెయిలీ పుస్తకాలు బరువైనవి, ఖరీదైనవి, ఆలస్యంగా అందుతాయి. యూనికోడ్‌లో ఉన్న పాఠమైతే అచ్చయిన రోజే చెవికి చేరుతుంది. 2016లో మొదలైన ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఇలాంటి పాఠకుల కోసమే ఉంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలన్నీ యూనికోడ్‌లో, ఎవరైనా దించుకోగలిగేలా ఇవ్వడానికి ట్యాబ్‌ల కొనుగోలులో చిన్న భాగం కూడా ఖర్చు కాదు. ఆ పని ముందు జరగాల్సింది.

తెలుగు పదాల నిర్మాణం ఇంకో అడ్డంకి. ‘చదువుకుంటున్నప్పుడల్లా’ అన్న మాట మీద నొక్కితే ‘చదువు’ అన్న మూలానికి తీసుకెళ్లే నిఘంటువు కావాలి. ఇంగ్లిష్ కోసం తయారైన ఉపకరణాలు ప్రత్యయాలన్నీ కలిసిపోయిన మాటను గుర్తుపట్టలేవు. ‘ఆంధ్రభారతి’ వంటి ఆన్‌లైన్ నిఘంటు వేదికలు పాత నిఘంటువులను వెతకడానికి వీలుగా అందిస్తున్నాయి, టీచర్లకు ఎంతో ఉపయోగం. బడి పిల్లవాడు పుస్తకంలోంచే నేరుగా వాడుకునే ఏర్పాటు ఇంకా రావాలి.

టీచర్ మీద బరువు

సాంకేతికత టీచర్ సమయం మిగులుస్తుందని అంటారు. జవాబులు దిద్దడం, మార్కులు కూడడం వంటి చోట్ల అది నిజం. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం మధ్యాహ్న భోజనానికీ మరుగుదొడ్లకూ ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించే పని టీచర్ల మీద పడింది. 2022 ఆగస్టులో ముఖం గుర్తుపట్టే హాజరు యాప్ వచ్చినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు నిరసన తెలిపాయి. సిగ్నల్ కోసం వరండాలో తిరిగే సమయం తరగతి గదిలోంచి తీసిందే.

టీచర్ల సమయం సంగతి అలా ఉంటే, పిల్లల తెర సమయానికి కేంద్రం 2020 జులైలో ఆన్‌లైన్ చదువుపై ఇచ్చిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాల్లో హద్దు పెట్టింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు 30–45 నిమిషాల ఆన్‌లైన్ తరగతులు రెండింటికి మించకూడదని చెప్పింది. తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగింటికి మించకూడదంది.

పాఠం ఎవరిది, సమాచారం ఎవరిది

అచ్చు పుస్తకం కొన్నాక అది చదువరిదే. తమ్ముడికి ఇవ్వొచ్చు, పక్కింటి అమ్మాయికి ఇవ్వొచ్చు. కంపెనీ పాఠం ఉన్న ట్యాబ్ అలా కాదు: కంపెనీతో ఒప్పందం ఎంతకాలం ఉంటే కొత్త పాఠాలు అంతకాలమే. బైజూస్ 2024లో దివాలా పరిష్కార ప్రక్రియలోకి వెళ్లడం ఈ ప్రమాదాన్ని కళ్లముందు పెట్టింది. స్టోరీవీవర్ కథల్లాగా స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చిన పాఠాలను టీచర్లు దించుకుని, మార్చుకుని, తమ జిల్లా మాటల్లో తిరగరాసుకోవచ్చు.

పిల్లల సమాచారం సంగతి ఇంకా సున్నితమైంది. 49 దేశాల ప్రభుత్వాలు కరోనా కాలంలో సూచించిన విద్యా యాప్‌లను హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలించి 2022లో నివేదిక ఇచ్చింది. దాదాపు పదిలో తొమ్మిది పిల్లల ఏకాంతానికి ముప్పు తెచ్చేలా ఉన్నాయని అందులో చెప్పింది. భారతదేశం 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల నుంచి రుజువు చేయగల అంగీకారం ఉండాలంటోంది. పిల్లల కదలికల మీద నిఘా పెట్టి వాళ్లకు ప్రకటనలు గురిపెట్టడాన్ని నిషేధిస్తోంది. ఆ అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, అక్షరం రాని తల్లికి హెడ్మాస్టరు చదివి వినిపించాలి.