గీతకు బయట మిగిలిన చుక్కలు

మా పక్క ఫ్లాటులో ఉండే మిత్రుడి అమ్మాయి ఒక శుక్రవారం సాయంత్రం పదకొండో తరగతి కెమిస్ట్రీ పుస్తకం పట్టుకుని వచ్చింది. "అంకుల్, నీటి అణువు బొమ్మలో గీతలు సరిగ్గానే గీశాను. ఆక్సిజన్ మీద నాలుగు చుక్కలు పెట్టలేదని మార్కులు తగ్గించారు. దేనితోనూ కలవని చుక్కలు పెడితే ఎంత, మానితే ఎంత?" అంది.

ప్రశ్న చిన్నదే. జవాబుకు మాత్రం నూరేళ్ళ పైబడిన చరిత్ర ఉంది.

పందొమ్మిదో శతాబ్దపు రసాయనవేత్తలకు బంధమంటే ఒక గీత. గీతలో లేనిది వాళ్ళ లెక్కలోనూ లేదు. 1916లో అమెరికాలోని బర్కిలీ ఆచార్యుడు గిల్బర్ట్ లూయిస్ ఆ గీత స్థానంలో రెండు చుక్కలు పెట్టాడు. రెండు పరమాణువులు పంచుకునే ఎలక్ట్రాన్ జంటే బంధం అన్నాడు. అప్పుడు పంచుకోని ఎలక్ట్రాన్లకు కూడా లెక్క చెప్పాల్సి వచ్చింది. ఆక్సిజన్‌కు బయటి కర్పరంలో ఆరు, రెండు హైడ్రోజన్లకు చెరొకటి, మొత్తం ఎనిమిది. బంధాలకు నాలుగు పోగా మిగిలిన నాలుగూ రెండు ఒంటరి జంటలు.

ఆ జంటలు ఊరికే కూర్చోవు. 1920లో లూయిస్ దగ్గరే పనిచేసిన లాటిమర్, రోడెబుష్ ఒక సంగతి గుర్తించారు. ఒక నీటి అణువులోని ఒంటరి జంట పక్క అణువులోని హైడ్రోజన్‌ను బలహీనంగా పట్టుకుంటుంది. ఇదే హైడ్రోజన్ బంధం. 1957లో గిలెస్పీ, నైహోమ్ మరో సంగతి తేల్చారు. ఒంటరి జంటలు బంధ జంటల కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి వాటిని దగ్గరకు నెడతాయి. అందుకే మీథేన్‌లో 109.5 డిగ్రీలుండే కోణం నీటిలో 104.5 అయింది.

ఇక మన కువైట్ సంగతి. ఒకప్పుడు ఇక్కడివాళ్ళు తాగేనీళ్ళను షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చుకునేవారు. 1953లో షువేఖ్‌లో సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారం మొదలైంది. అక్కడ ఉప్పు వదిలించడానికి నీటిని ఆవిరి చేసేవారు, అంటే అణువుల మధ్య ఆ పట్టు విడిపించాలి. గ్రాము నీటిని 0 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 100 కేలరీలు చాలు. మరిగే ఆ గ్రామునే ఆవిరి చేయడానికి సుమారు 540 కావాలి. ఆవిరి మళ్ళీ నీరయ్యేటప్పుడు ఆ వేడిని తిరిగిచ్చేస్తుంది. దానితో లోపలికి వచ్చే సముద్రపు నీటిని ముందుగానే వేడిచేసే పద్ధతిని 1960లో షువేఖ్‌లో పెద్ద ఎత్తున అమలు చేశారు. ఎండకు, ఇసుకకు మధ్య ఇంత ఊరు పెరగడానికి అదొక ఆధారం.

లూయిస్ పేరు నోబెల్ బహుమతికి ఎన్నోసార్లు ప్రతిపాదనకు వచ్చినా, బహుమతి మాత్రం రాలేదు. 1946లో తన ప్రయోగశాలలోనే కన్నుమూశాడు. ఆయన పెట్టిన చుక్కలు మాత్రం ప్రతి బడిపిల్ల నోటుపుస్తకంలోనూ ఉన్నాయి.

అమ్మాయి పెన్సిలు తీసి ఆక్సిజన్ మీద నాలుగు చుక్కలూ పెట్టింది. "కలవనివే ఇంత పని చేస్తాయా అంకుల్!" అంది. పోయిన మార్కు తిరిగి రాలేదు గానీ, ఆ బొమ్మ ఇక మరిచిపోదు.