ఉదారవిద్య - దాని ప్రయోజనము

ఇంటర్మీడియెటు ముగించిన బిడ్డను వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చు తండ్రులు తఱచుగా నడుగు ప్రశ్న యొక్కటి కలదు: “చరిత్రయు, సాహిత్యమును, తత్త్వమును చదివినందువలన నేమి ఫలము?” ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. బిడ్డల జీవనోపాధినిగూర్చి చింతించుట గృహస్థుని ధర్మము. ఒక్క వృత్తికే కట్టువడక బుద్ధిని వికసింపజేయు ఈ చదువునకు ఉదారవిద్య యని పేరిడుదము. దాని ఫలమును దెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. మన హైదరాబాదులోని ఆబిడ్సు, నాంపల్లి వీథుల చరిత్రయే చాలును.

నాంపల్లి స్టేషను రోడ్డున ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ అను పాతభవన మున్నది. అది అఘోరనాథ చట్టోపాధ్యాయుని నివాసము. వంగదేశీయుడగు నాయన 1875లో ఎడింబరా విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్రములో డాక్టరు పట్టమును బడసి, 1878లో హైదరాబాదునకు వచ్చి, ఇచ్చట ఇంగ్లీషు కళాశాలావిద్యకు పునాది వేసెను. 1887లో నెలకొన్న నిజాం కళాశాల చిన్నది. మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను. అఘోరనాథుని శాస్త్రము రసాయనము; అయినను ఆయన తోటలో నానామతముల పండితులు గూడి చర్చలు సలుపుచుండిరి. ఆ చర్చల నడుమ పెరిగిన కుమార్తె సరోజిని పండ్రెండవయేట మెట్రిక్యులేషను పరీక్షలో నుత్తీర్ణురాలయ్యెను. ఆమె 1905లో ప్రకటించిన కవితాసంపుటి పేరే ఆ యింటికిని నిలిచినది.

ఇట్టి విద్యవలన గలుగు గుణమేమి? 1883లో చాందా రైలుమార్గపు వ్యవహారము వచ్చినపుడు, ఆ యొప్పందపు షరతులను ప్రజలకు వెల్లడింపవలెనని అఘోరనాథుడును మఱికొందఱును గోరిరి. ప్రభుత్వ మాయనను ఉద్యోగమునుండి తొలగించి, రాజ్యమునుండి వెడలగొట్టెను. కొన్నియేండ్లకు మరల బిలిపించి విద్యాకార్యమున నియోగించెను. రసాయనశాస్త్రజ్ఞునకు రైలుతో నేమి పని యని కొంద ఱడుగవచ్చును. తన పాఠ్యాంశమునకు వెలుపల నున్న లోకముగూడ తనదే యని తలంచుటయే ఉదారవిద్యయొక్క ఫలమని మా యభిప్రాయము.

ఉస్మానియా విశ్వవిద్యాలయముగూడ 1919లో నిజాం కళాశాల చెంతనున్న యొక భవనముననే యారంభమైనది. నాటి విద్యార్థులు 225 మంది, బోధకులు 25 మంది. అనగా తొమ్మండుగురు శిష్యులకొక గురువు. అట్టిచోట శిష్యుని పేరెఱుగని గురు వుండజాలడు. ఉన్నతవిద్యను దేశభాషలో నేర్పుట సాహసకార్యమే. అయితే ఆ భాష ఉర్దూ. రాజ్యములో నెక్కువమంది యిండ్లలో మాటలాడునది తెలుగు. అచ్చట తెలుగు నేర్చుకొను పాఠమయ్యెనే కాని, నేర్పు భాష కాలేదు. తెనుగుబిడ్డ తల్లిపలుకును గుమ్మము వెలుపల విడిచి లోనికి బోవలసివచ్చెను. 1924లో స్త్రీలకు ప్రత్యేకకళాశాల యేర్పడుట మాత్రము మన కుటుంబములకు గలిగిన గొప్ప మేలు.

తరువాత నా విశ్వవిద్యాలయము అడిక్‌మెట్టున విశాలభవనములకు దరలినది. 1938లో వసతిగృహములందు వందేమాతరము పాడిన విద్యార్థులు బహిష్కృతులైరి. నాగపూరు విశ్వవిద్యాలయము వారికి చోటిచ్చినది. యాబదియైదేండ్లక్రిందట గురువునకు జరిగినదే అపుడు శిష్యులకును జరిగినది. భవనము పెరిగినంతమాత్రమున సహనము పెరుగదు. గురుశిష్యులు దగ్గఱగా మెలగు చిన్న కళాశాలలో ప్రశ్న పుట్టుట సులభము. ఆ ప్రశ్నను సహించు ధైర్యము పాలకులకును, పెద్దలకును వేఱుగా నలవడవలెను.

1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము సయితము మొదట గోల్డెన్ థ్రెషోల్డులోనే పని ప్రారంభించి, పిదప గచ్చిబౌలికి దరలినది. ఒక చిన్న యింటి గడప యింత విద్యకు దారి యిచ్చినది.

చదువరులారా! బిడ్డలకు వృత్తివిద్య వలదని మే మనము. కాని కళాశాలను జూడబోయినపుడు మేడల యంతస్తులను లెక్కింపక, గురువు మీ బిడ్డ పేరెఱుగునా, బిడ్డ ప్రశ్నించినపుడు కోపింపక ప్రత్యుత్తర మిచ్చునా యని విచారింపుడు. ఆ బిడ్డ సాయంకాల మింటికి వచ్చి ఆ ప్రశ్ననే మిమ్ము నడిగినచో, “నీ కెందుకు?” అని నోరు మూయింపకుడు. ఉదారవిద్యకు మొదటి కళాశాల గృహమే.